కోడు మధ్యలో ఒక తెలుగు మాట

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోవాళ్ళకే చివరిదాకా సరిగ్గా అర్థం కాలేదు. ఈ లైనులోకి కొత్తగా వస్తున్న మీకైనా అర్థమవుతుందనే ఆశతో రాస్తున్నాను. మొదట బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోరులో పనిచేశాను. కార్మికులు కిటికీ దగ్గరకొచ్చి ఇత్తడి టోకెన్ ఇస్తే డ్రిల్ బిట్టో, గేజో ఇచ్చేదాన్ని. సాయంత్రం సామాను తిరిగొస్తే టోకెన్ తిరిగి ఇచ్చేదాన్ని. ఫ్యాక్టరీలో పనులు తగ్గిపోతున్న రోజుల్లో కంప్యూటర్ కోర్సులు చేసి, మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. అక్కడా నాకు స్టోరే ఇచ్చారు. కాకపోతే ఈ స్టోరులో ఉండేవి కోడు రాసే ఎడిటర్లు, తప్పులు వెతికే సాధనాలు, రాసిన కోడునంతా దాచిపెట్టి ఏ వరుస ఎవరు రాశారో పేరుతో సహా చెప్పే సాధనాలు. ఎవరి కంప్యూటర్‌లో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో చూడటం నా పని. కుర్రకారు నన్ను "స్టోర్‌రూమ్ అక్క" అని ఏడిపించేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

ఆ సాధనాల్లో సగానికి పైగా ఉచితంగా దొరికేవే. ఎక్కడో ఎవరో తీరిక చేసుకుని రాసి అందరికీ వదిలేస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, మార్చినదాన్ని మళ్ళీ అందరికీ పంచొచ్చు. టోకెన్ లేనిదే స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వని స్టోరులో పెరిగినదాన్ని కదా, నాకిది చాలాకాలం మింగుడుపడలేదు. మా మేనేజర్లకైతే కొన్నవాటి మీదే గురి. ఉచితం అనగానే "దీనికి ఎవరు జవాబు చెప్తారు?" అని కనుబొమ్మలు ఎగరేసేవారు. కొన్నవాటికి మాత్రం ఎవరు చెప్పారు గనక! ఫోన్ చేస్తే గంటసేపు పాట వినిపించి పెట్టేసేవారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇద్దరు ప్రోగ్రామర్ల సంగతి. పేర్లు రాయను. ఒకతనిది జగిత్యాల, ఇంకొకతనిది తెనాలి. ఆఫీసులో కూడా సగం మంది వాళ్ళను ఊళ్ళ పేర్లతోనే పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఇద్దరూ ఒకే టీము. పెళ్ళిళ్ళు కాకముందు నిజాంపేటలో ఒకే హాస్టల్ గదిలో ఉన్నారు, పెళ్ళిళ్ళయ్యాక అక్కడే పక్క పక్క వీధుల్లో కాపురాలు పెట్టారు. జగిత్యాల నెమ్మదస్తుడు. ఎంత చిక్కుపడిన కోడైనా అతని ముందు పెడితే కాసేపు దాన్ని అలా చూస్తూ కూర్చుని, చివరికి ఒక్క వరుస మార్చి లేచిపోయేవాడు. తెనాలి వసపిట్ట. పని కూడా బాగా చేసేవాడు గానీ, నోరు మూతపడేది కాదు. ఇద్దరూ ఒకే బండి మీద ఆఫీసుకొచ్చేవారు. పెట్రోలు మిగుల్చుకోవడానికని మేమంతా అనుకునేవాళ్ళం.

అసలు సంగతి ఏమిటంటే, జగిత్యాల కళ్ళు పోతున్నాయి. మొదట రేచీకటి అనుకున్నాడట. తర్వాత పక్కల నుంచి చూపు తగ్గుతూ వచ్చింది. డాక్టర్లు ఇది ఆగదనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పేశారు. అప్పుడే తన బండి అమ్మేసి తెనాలి వెనకాల కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో తెనాలికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ పోయాడు, చివరికి తెర మొత్తానికి ఒక్క మాట పట్టేంత పెద్దవయ్యాయి. ఎవరైనా వెనక నుంచి వస్తుంటే తెనాలి దగ్గేవాడు, ఇతను తెర మార్చేసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక నన్ను తన సీటు దగ్గరకు పిలిచాడు. తెర మీద ఉన్నదాన్ని బొంగురు గొంతుతో చదివి వినిపించే సాధనం ఒకటుందట, ఉచితమేనట, అది తన కంప్యూటర్‌లో ఎక్కించమన్నాడు. ఎందుకని అడిగాను. చుట్టూ ఎవరూ లేరు కదా అని నన్నే ఒకసారి చూడమన్నాడు. ఆ తర్వాత అంతా చెప్పాడు.

"కంపెనీతోని కొనిపియ్యాలంటే కాయితం మేనేజర్ కాడికి పోవాలె అక్కా. పోతే అందరికి ఎర్కైతది. గిదైతే మీరొక్కరు ఊకొడితే చాలు. కొన్నొద్దులు నన్నిట్ల ఉండనియ్యుండ్రి. ఇంట్ల కూసుంటె నేను పాగలైత," అన్నాడు.

ఆ సాయంత్రమే ఎక్కించాను. నా పని నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఉచిత సాధనాల గొప్పతనం గురించి సమావేశాల్లో చాలా ఉపన్యాసాలు విన్నాను గానీ, అవి ఎందుకో నాకు తెలిసింది మాత్రం ఆ రోజే. ఒక మనిషి పదిమందికీ చేయి చాచకుండా తన కుర్చీలో తాను కూర్చోగలిగాడు. అతనికి కావలసిందల్లా ఆ కుర్చీ. మనుషుల మధ్య, వాళ్ళ గోల మధ్య, వాళ్ళతో సమానంగా పని చేస్తూ ఉండటం.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పనిచేస్తుంటే పాటలు వింటున్నాడనుకున్నారు. కొన్నాళ్ళకు విషయం బయటపడనే పడింది. మీటింగు గదిలో గోడ మీది తెర చూపించి "అదిగో ఆ ఎర్రగీత కింద" అంటుంటే అతను తెర లేని వైపు తిరిగి తల ఊపాడు. మేనేజర్ మంచివాడు. పిలిచి మాట్లాడి, పని బాగా సాగుతోంది కాబట్టి ఇలాగే కానివ్వమన్నాడు. అప్పటి నుంచి ఇక దాచవలసిన పని లేకపోయింది. తెనాలి చేయి పట్టుకుని లిఫ్టు ఎక్కించేవాడు, క్యాంటీన్‌లో పళ్ళెం ముందు పెట్టి ఏ కూర ఎటు ఉందో చెప్పేవాడు. బండి మీద వస్తున్నంతసేపూ కబుర్లే. కూకట్‌పల్లి దాటితే ఏ హోర్డింగు మారింది, ఏ హోటల్ మూతపడింది, సిగ్నల్ దగ్గర పక్క బండి మీద మొగుడూ పెళ్ళాలు ఎలా కొట్టుకుంటున్నారు, అన్నీ వర్ణించేవాడట. ఆఫీసుకొచ్చాక జగిత్యాల అవి మాకు తన కళ్ళతో చూసినట్టే చెప్పేవాడు.

ఆ సాధనాన్ని అతను ఊరికే వాడుకుని వదిలేయలేదు. కోడులో ఒక షరతు లోపల ఇంకో షరతు వస్తే వరుస కుడికి జరుగుతుంది. కళ్ళున్నవాళ్ళకు అది ఒక్క చూపులో తెలిసిపోతుంది. చెవికి తెలియదు. అందుకని వరుస ఎంత లోపలికి జరిగితే అంత సన్నని శ్రుతిలో చిన్న కూత వచ్చేట్టు చేశాడు. దాన్ని అందరికీ విడుదల చేస్తే ఏవేవో దేశాల నుంచి చూపులేని ప్రోగ్రామర్లు ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలను యంత్రం చేత గట్టిగా చదివించి మాకు వినిపించాడు. ఆ రోజు అతని ముఖం చూడవలసింది.

తర్వాత చేసిన పని గురించి చెప్పాలంటే ముందు మా ఆఫీసు అలవాటు ఒకటి చెప్పాలి. కోడు మధ్యలో మనుషుల కోసం రాసుకునే మాటలుంటాయి, వాటిని కామెంట్లు అంటారు. యంత్రం వాటిని పట్టించుకోదు. మావాళ్ళు వాటిని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసేవారు. "ఇది ఎందుకు పనిచేస్తోందో నాకు తెలీదు, ముట్టుకోకండి" అని ఒకరు, "ఇక్కడ చెయ్యి పెడితే మీ శని" అని ఇంకొకరు. పని ఇచ్చే విదేశీ కంపెనీవాళ్ళకు అవి అర్థం కావు. మాకు మాత్రం ఎండన పడి నడుస్తుంటే మజ్జిగ దొరికినట్టుండేది. చదివే సాధనం ఆ తెలుగును ఇంగ్లీషు యాసలో నమిలేసేది. అందరూ ఒక కామెంట్ చూసి నవ్వుతుంటే జగిత్యాల ఏమిటేమిటని అడిగేవాడు. అదతనికి బాధగా ఉండేది. ఉచిత సాధనం కాబట్టి లోపల విప్పి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును తెలుగులాగే పలికేట్టు దిద్దడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలు తెనాలి పక్కనే కూర్చుని మాటలు అందించేవాడు. "'వద్దు' అని కొట్టాను, చూడు మామా, ఏమంటుందో" అంటూ ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకునేవారు. కొన్ని నెలల్లో ఆ బొంగురు గొంతు చక్కని తెలుగు మాట్లాడింది. శుక్రవారం పూట టీములో అందరూ చేరి పాత కామెంట్లు చదివించుకుని విరగబడి నవ్వేవారు.

ఇంతలో మాకు పని ఇచ్చే కంపెనీ నుంచి ఆదేశం వచ్చింది. భద్రత పేరుతో, వెనకాల జవాబుదారీగా ఒక సంస్థ లేని సాధనాలన్నీ అన్ని కంప్యూటర్ల నుంచి తీసేయమన్నారు. తీసేయవలసినదాన్ని నేనే. మిగతావాటికి బదులు ఏవో కొన్నారు. చదివే సాధనానికి కూడా కొన్నది ఒకటి తెప్పించాం. అది మా ఎడిటర్ దగ్గరకొచ్చేసరికి మూగబోయేది. కూతలు అతికించడానికి దాన్ని విప్పే వీల్లేదు. జగిత్యాల దానితో వారం రోజులు కుస్తీపట్టి చేతులెత్తేశాడు. అది తప్ప ఇంకో దారి లేకపోతే అతను ఇక కోడు రాయలేడు. కోడు రాయలేని ప్రోగ్రామర్‌ను ఏ కంపెనీ ఎన్నాళ్ళు ఉంచుతుంది? మేనేజర్ కూడా నా ముఖం వైపు చూడకుండా "చూద్దామండి" అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఊరుకునే మనిషిని కాదని ఆఫీసు మొత్తానికీ తెలుసు. పని ఇచ్చే ఆ కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాను, ఫోన్ల మీద ఫోన్లు చేశాను. చివరికి వాళ్ళ భద్రతాధికారి, మా ఆడిట్లు చూసే ఇంకొక ఆవిడ హైదరాబాదు వచ్చినప్పుడు స్వయంగా చూస్తామన్నారు. వాళ్ళు ఎంచిన ఏదో ఒక ఫైలులో ఉన్న తప్పును వాళ్ళ ఎదురుగానే అతను సరిచేయాలి. ఆ సాధనం ఏం చేస్తుందో తమకూ వినిపించాలి కాబట్టి ఇయర్‌ఫోన్లు వద్దు, స్పీకర్లో పెట్టమన్నారు. ఆ మాట విని జగిత్యాల చాలా సంతోషించాడు. "స్పీకర్లనే పెడ్త అక్కా, నాకేం పరేషాన్" అన్నాడు.

ఆ రోజు పొద్దున తెనాలి అతనికి ఇస్త్రీ చొక్కా తొడిగించి మరీ తీసుకొచ్చాడు. మీటింగు గదిలో బల్లకు ఒక వైపు ఆ ఇద్దరు అధికారులు, ఇంకో వైపు మేనేజర్, నేను, టీములో మరికొందరు. జగిత్యాల పక్క కుర్చీలో తెనాలి. మొదట కూతలు వినిపించాడు, అవేమిటో వివరించాడు. తాను రోజూ వినే వేగంలో కాసేపు నడిపితే అధికారులిద్దరూ నవ్వారు. వాళ్ళకు అర్థం కావాలని తర్వాత నెమ్మది చేశాడు. గది వాతావరణం తేలికపడింది. నాకు గుండె కుదుటపడింది.

అధికారి తన కంప్యూటర్‌లో చూసుకుని ఒక ఫైలు పేరు చెప్పాడు. జగిత్యాల వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. నా వైపు వంగి గొంతు తగ్గించి అన్నాడు.

"అక్కా, ఇంకో ఫైలియ్యమని చెప్పుండ్రి."

భయపడుతున్నాడనుకున్నాను. ఏం కాదు, చెయ్యమన్నాను. అయినా అడిగి చూద్దామని అధికారితో వేరే ఫైలు ఇవ్వచ్చా అన్నాను. ఆయన మర్యాదగానే కుదరదన్నాడు. తప్పు దొరికే చోటు తనకు తెలుసని, పైనుంచి చదవకుండా నేరుగా అక్కడికి పోతానని జగిత్యాల ఇంగ్లీషులో అడిగాడు. సాధనం ఏదీ వదలకుండా చదువుతుందో లేదో చూడాలి కాబట్టి మొదటి నుంచి చదివించమన్నాడాయన. జగిత్యాల మీట నొక్కాడు.

యంత్రం చదువుకుంటూ పోయింది. కూత, వరుస, కూత, వరుస. ఒకచోట ఇంగ్లీషు ఆగి తెలుగు మొదలైంది. నిదానంగా, ఏ భావమూ లేకుండా, అక్షరం పొల్లు పోకుండా చదివింది.

"ఈ ఫైలు గుడ్డోడికి ఇవ్వకండి. వాడు చేసింది మళ్ళీ మనమే చెయ్యాలి. రోజూ బండి మీద మోస్తున్నది చాలదా."

తర్వాత మళ్ళీ కూత, మళ్ళీ ఇంగ్లీషు. గదిలో తెలుగు తెలిసినవాళ్ళం ఎవరమూ కదల్లేదు. ఎవరు రాశారని ఎవరూ అడగనక్కర్లేదు. రోజూ బండి మీద మోసేది ఎవరో అందరికీ తెలుసు. తెనాలి బల్ల మీది తన చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది.

అధికారి మధ్యలో ఆపి, ఇప్పుడు చదివింది ఏ భాష అని అడిగాడు.

జగిత్యాల తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. ఇక్కడి భాషేననీ, ఆఫీసులో రాసుకునే జోకులనీ, సాధనం వాటిని కూడా వదలదనీ ఇంగ్లీషులో చెప్పాడు. ఆ ఆడిట్ ఆవిడ చాలా ముచ్చటపడింది. స్థానిక భాషను కూడా చదువుతుందా అని కాగితం మీద రాసుకుంది. అతను కిందికి జరిగి తప్పును పట్టుకుని సరిచేశాడు. గొంతు కూడా మారలేదు. అధికారులు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం, ఏం చేస్తాం. అక్కడికక్కడే ఆ సాధనానికి అనుమతి ఇస్తున్నామన్నారు. నేను నెలల తరబడి కొట్లాడిందంతా ఫలించింది. ఇంటికెళ్ళి ఒక్క ముద్ద తినలేకపోయాను.

ఆ సాయంత్రం తెనాలి తనకు పనుందని చెప్పి జగిత్యాలకు క్యాబ్ మాట్లాడి పంపేశాడు. మర్నాడూ క్యాబే వచ్చింది. ఆ మర్నాడు కూడా. తెనాలి ఇంకో అంతస్తులో సీటు అడిగి తీసుకున్నాడు. ఆ ఫైలులో ఆ వాక్యం తీసేశాడు గానీ, కోడు దాచే సాధనాలు దేన్నీ మరిచిపోవు. రాసినప్పుడూ, తీసినప్పుడూ కూడా పేరు నిలిచిపోతుంది.

నేను తెనాలిని క్యాంటీన్‌లో పట్టుకుని కూర్చోబెట్టాను. చివాట్లు పెడదామనే వెళ్ళాను. అతన్ని చూశాక ముందు టీ తెప్పించాను. గడ్డం గీసుకోలేదు. ఆ వాక్యం ఎప్పటిదో చెప్పాడు. జగిత్యాలకు చూపు బొత్తిగా పోయిన కొత్తలోనిదట. యంత్రానికి అప్పటికి తెలుగు రాదు, జగిత్యాలకు ఇంకా చెవితో పనిచేయడం అలవాటు కాలేదు. అతను రాసిన కోడు తప్పులతో వచ్చింది, విడుదల గడువు మీద పడింది, పాపకు జ్వరంతో ఇంట్లో గొడవగా ఉంది, ఆదివారం ఆఫీసులో కూర్చుని అదంతా తెనాలి మళ్ళీ రాశాడు. ఆ చిరాకులో ఆ వాక్యం కొట్టాడు. కొట్టి మరిచిపోయాడు. మనం రాసినవన్నీ గుర్తుపెట్టుకుంటామా? మరిచిపోయాడు కాబట్టే తర్వాత తనే పక్కన కూర్చుని యంత్రానికి తెలుగు నేర్పించాడు.

"బండి మీద ఎక్కించుకుంటూనే ఉన్నాను మేడమ్. ఒక్కరోజు కూడా బరువనుకోలేదండీ. ఆ ఒక్క ఆదివారం అనుకున్నాను. అదొక్కటే రాసిపెట్టుకున్నాను," అన్నాడు.

వెళ్ళి ఆ మాటే జగిత్యాలతో చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళమంటారని అడిగాడు.

జగిత్యాలను అడిగితే ఇంకో సంగతి తెలిసింది. అతను ఆ వాక్యం వినడం ఆ రోజే మొదటిసారి కాదు. అంతకు చాలా నెలల ముందే విన్నాడు.

"తెలుగు మంచిగ పలుకుడు షురువైనంక ఒకనాడు ఆ ఫైలు తెరిస్తే ఇనవడ్డది," అన్నాడు. "ఎవలు రాసిండ్రో చూడనీకి గూడ పోలే. ఎర్కైతనే ఉన్నది గదా."

"అప్పుడే తీసేయలేకపోయావా?" అని అడిగాను.

"తీసేస్తే నా పేరు పడ్తది అక్కా. ఎవలు ఏం మార్చిండ్రో వాడు రోజు చూస్తడు. నేను ఇన్ననని తెలుస్తది వానికి. తెలిసినంక ఇగ నాతోని మాట్లాడలేడు. వాని సంగతి నాకు ఎర్కే. అందుకే ఇడిసిపెట్టిన."

కోపం రాలేదా అన్నాను. వచ్చిందన్నాడు. ఆ సాయంత్రం బండి మీద ఒక్క మాట కూడా మాట్లాడలేదట. తెనాలి అది చూసి తలనొప్పి అనుకుని, దారిలో బండి ఆపి చాయ్ తాగించి, మాత్ర వెతికి తెచ్చి వేయించాడట.

"గట్ల చేసినంక ఇగ ఏం కోపం జేస్తం అక్కా?" అన్నాడు. "వాడు రాసిందాంట్ల అబద్ధం గూడ లేదు. మోస్తుండె గదా."

నాకు ఏడుపొచ్చింది. అతనికి కనపడదు కదా అని తుడుచుకోకుండా కూర్చున్నాను. కానీ అతనికి అన్నీ తెలుస్తాయి. జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద నా వైపు జరిపాడు.

అనుమతి కాగితం వచ్చింది, సాధనం ఉంది, కుర్చీ ఉంది. జగిత్యాల క్యాబ్‌లో వచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుని, క్యాబ్‌లో వెళ్ళిపోయేవాడు. క్యాంటీన్‌లో ఎవరో ఒకరం తోడు కూర్చునేవాళ్ళం. కూర ఏ వైపు ఉందో చెప్పేవాళ్ళం. మాలో ప్రతి ఒక్కరికీ ఒక భయం పట్టుకుంది, ఏం మాట్లాడితే ఏమవుతుందోనని. అతి మర్యాదగా మాట్లాడేవాళ్ళం. శుక్రవారం నవ్వులు ఆగిపోయాయి. టీములో ఒక్కొక్కరే చాటుగా తమ పాత కామెంట్లన్నీ వెతికి తీసేశారు. ఎవరు ఏం తీశారో నాకు కనపడేది. వాటిలో తీసేయవలసినవి ఒకటీ అరా. మిగతావన్నీ వట్టి తమాషా మాటలు. అవి కూడా పోయాక కోడు శుభ్రంగా, బోడిగా ఉండేది. అతని చెవుల్లో ఇంగ్లీషు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

తెనాలి గచ్చిబౌలిలో వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు జగిత్యాల సీటు దాకా వచ్చి, వెనక కాసేపు నిలబడి, పలకరించకుండానే వెళ్ళాడు. జగిత్యాల పనిచేస్తూనే ఉన్నాడు. అడుగుల చప్పుడు అతనికి తెలియకుండా ఉంటుందా? తెనాలి వెళ్ళిన వైపు కాసేపటికి తల తిప్పాడు.

ఆ తర్వాత కంపెనీ జగిత్యాల మీద దయతో ఇంటి నుంచే పని చేసుకోమంది. ప్రయాణం కష్టం కదా అన్నారు. అతను వద్దనలేదు. ఏ ఇంట్లో కూర్చోకూడదని ఇంత పోరాడాడో ఆ ఇంట్లోనే కూర్చున్నాడు. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసి, చదివే సాధనం మీదే పూర్తిగా పని చేసుకుంటున్నాడని తెలిసింది. దాన్ని వాడేవాళ్ళు విదేశాల నుంచి ఏదో సాయం పంపుతున్నారట. అతనికి తిండికి లోటు రాలేదు. అది నాకు ధైర్యం.

నేను రిటైరై నల్లగండ్లలో ఉంటున్నాను. కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, ఏ సాధనాలు నేర్చుకోవాలని అడుగుతారు. చెప్తాను. కామెంట్లలో ఏం రాయాలో, ఏం రాయకూడదో మాత్రం చెప్పను. నిజానికి నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యం రాయకుండా ఉంటే బాగుండునని అందరూ అంటారు. నేనూ అనుకుంటాను. కానీ ఆ చిరాకు ఎక్కడో ఒకచోట బయటపడేదే. పడి, మరిచిపోయి, ఎవరి చెవినా పడకుండా మట్టిలో కలిసిపోయేది. మనుషులు ఒకరినొకరు భరించేది చాలాసార్లు అలాగే. మావాళ్ళు తెలుగు నేర్పిన సాధనం దేన్నీ వదలకుండా చదివింది. అది దాని మంచితనం.

ఈ మధ్య నిజాంపేట వెళ్ళి అతన్ని చూశాను. అతని భార్య స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళింది, ఒక్కడే ఉన్నాడు. నా అడుగు విని "స్టోర్‌రూమ్ అక్క" అని నవ్వాడు. టీ పెట్టబోతే నేనే పెట్టాను. సాధనం ఎలా నడుస్తోందో చెప్పాడు. దానికి లోకం నలుమూలల నుంచీ ఎవరెవరో దిద్దుబాట్లు పంపుతుంటారు. నచ్చితే అతను కలుపుకుంటాడు. కొంతకాలంగా తెనాలి కూడా తన అసలు పేరుతోనే పంపుతున్నాడట. తెలుగు పలుకుబడి సరిచేసేవే ఎక్కువ. పక్కన ఒక్క మాట ఉండదు, దిద్దుబాటు ఒక్కటే. అన్నీ కలుపుకున్నానని చెప్పాడు.

ఒక్కసారి ఫోన్ చెయ్యకూడదా అన్నాను.

"చేసిన అక్కా, శానాసార్లు. ఎత్తుతడు. సారీ రా అంటడు. గంతే, ఇగ మాట రాదు వానికి," అన్నాడు. తర్వాత కిటికీ వైపు తల తిప్పాడు. బయట కాంక్రీటు మిక్సర్ చప్పుడుకు ఇల్లంతా అదురుతోంది. "వాని సారీ నేనేం జేసుకోను? గీ ఎదురుంగ పొద్దంత ఏందో కడ్తున్నరు. ఏం కడ్తున్నరో వచ్చి చెప్తే చాలు."

నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాను. అపార్ట్‌మెంట్ కడుతున్నారని, చాలా అంతస్తులు లేచాయని, పచ్చని పరదా కట్టారని చెప్పాను. ఇంకా ఏం చెప్పాలో తోచక ఆగిపోయాను. అతను మర్యాదగా విన్నాడు. మంచిదక్కా, అన్నాడు.